పికప్ ఎత్తు పెంచేముందు బండి కిందికి దూరి చూడాలి

అనంతపురం జిల్లాలో పికప్ ఒక్క పనికే పరిమితమైన బండి కాదు. తెల్లవారకముందే కక్కలపల్లి మార్కెట్టుకు టమోటా బాక్సులు మోసేదీ, మధ్యాహ్నం చీనీ తోటకు ఎరువు బస్తాలు చేర్చేదీ, కాలిపోయిన బోరు మోటారును టౌనుకు తెచ్చేదీ అదే. రోజులో సగం తారురోడ్డు మీద, మిగతా సగం చేల మధ్య దోవల్లో తిరిగే బండికి కింద తగలడం మామూలే. రెండుసార్లు గట్టిగా తగిలిందంటే చాలు, బండిని కాస్త లేపిద్దామన్న ఆలోచన వచ్చేస్తుంది. ఇంకో రకం యజమానులూ ఉన్నారు. వి-క్రాస్, హైలక్స్ లాంటి పెద్ద పికప్‌లు కొని, వెడల్పు టైర్లతో ఇంకాస్త ఎత్తుగా కనిపించాలని లిఫ్ట్ కిట్ల కోసం వెతికేవాళ్లు. ఇష్టపడి కొన్న బండి అందంగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ ఇద్దరూ షెడ్డుకు వెళ్లి మొదట అడిగేది ఒకటే: ఎన్ని అంగుళాలు లేపొచ్చు?

దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బండిలో ఏ భాగం తగులుతోంది? బండిని లేపితే ఆ భాగం కూడా లేస్తుందా? మన దోవల్లో ఎక్కువగా దెబ్బ తినే భాగం వెనక ఇరుసు. లిఫ్ట్ కిట్ ఎంత ఖరీదైనది వేసినా ఆ ఇరుసు ఉన్నచోటి నుంచి పైకి రాదు.

గీతలు చెప్పే సంగతి

ఏ షెడ్డులోనైనా గుంత మీదికి బండిని ఎక్కించి, టార్చిలైటుతో కిందికి దిగి పది నిమిషాలు చూస్తే చాలు. రాయి తగిలినచోట ఇనుము మెరుస్తుంది, పాత దెబ్బ అయితే అదే చోట తుప్పు పట్టి ఉంటుంది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా, కుండలా ఉబ్బి ఉండేది హౌసింగ్. దాని అడుగున నిలువు గీతలు ఎక్కువగా ఉంటే దోవ మధ్యలో లేచిన రాళ్లు దాన్ని రాసుకుంటూ పోతున్నాయని అర్థం. సైలెన్సర్ గొట్టం నొక్కుకుపోయి ఉంటే, లేదా ఛాసీ మధ్యలోని అడ్డపట్టీ కింద రాపిడి ఉంటే, గట్లు ఎక్కి దిగేటప్పుడు బండి నడుము తగులుతోందన్నమాట. ముందు బంపరు కింది అంచు చెక్కుకుపోతే వంకల్లోకి దిగేటప్పుడు ముక్కు గుచ్చుకుంటోంది. వెనక స్టెప్నీ చక్రానికి, నంబరు ప్లేటు కింది పట్టీకి దెబ్బలుంటే గట్టు దిగేటప్పుడు తోక తగులుతోంది. నాలుగూ నాలుగు వేర్వేరు సమస్యలు. లిఫ్ట్ కొన్నిటికే మందు.

పికప్‌లన్నిటికీ దాదాపు ఒకే కట్టు. వెనక రెండు చక్రాలనూ కలిపే బరువైన ఒకే ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు (విల్లులా వంగిన ఇనుప పట్టీల కట్టలు), ఆ కట్టల మీద ఛాసీ. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య దిమ్మె పెట్టినా, కట్టలో పట్టీ పెంచినా, కట్ట కొసను ఛాసీకి తగిలించే షాకిల్ పొడుగు చేసినా పైకి లేచేది ఛాసీ, దాని మీది బాడీ మాత్రమే. ఇరుసు చక్రాల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి అది ఉన్నచోటే ఉంటుంది. హౌసింగ్ అడుగు నుంచి నేలకు ఉన్న దూరం పెరగాలంటే ఒకటే దారి, పెద్ద టైరు. అదీ సగమే. ఉదాహరణకు 245/70 ఆర్16 టైరు మొత్తం ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు. దాని బదులు 265/70 ఆర్16 వేస్తే సుమారు 777. తేడా 28 మిల్లీమీటర్లయినా ఇరుసు లేచేది 14 మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి మందం. అంత ఖర్చుకు దక్కేది అంతే.

అనంతపురం దోవలకు ఈ లెక్క ఎంతో ముఖ్యం. ఇక్కడ ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కొద్ది రోజుల్లోనే. మిగతా కాలమంతా గరుసు నేల గట్టిపడి ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా చాళ్లు దిగబడతాయి, మధ్యలో రాళ్లతో గట్టు మిగిలిపోతుంది. పికప్ చక్రాలు ఆ చాళ్లలోకి దిగితే మధ్యలో వేలాడే హౌసింగ్ నేరుగా ఆ గట్టు మీదికి పోతుంది. అలాంటి దోవలో మూడు అంగుళాలు లేపిన బండీ లేపని బండీ ఒకే రాయికి ఒకేచోట తగులుతాయి. ఆ దోవలో తెలిసిన డ్రైవర్లు చాళ్లు వదిలి, ఒక చక్రం గట్టు మీద, ఇంకోటి చాలు అవతలి అంచు మీద పెట్టి పోనిస్తారు. అది ఏ కిట్టూ ఇవ్వని ఎత్తు. ఊరివాళ్లు కలిసి పారలతో ఓ పూట మధ్య గట్టును చెక్కేసినా అంతే మేలు.

లిఫ్ట్ నిజంగా పనికొచ్చే చోటు లేకపోలేదు. హంద్రీ-నీవా కాలువ గట్లు, చెరువు కట్టలు ఎక్కి అవతలికి దిగే పని రోజూ ఉన్నవాళ్లకు బండి నడుము తగలడం పెద్ద బాధ. పికప్‌ల పొడవే దీనికి కారణం. వి-క్రాస్, హైలక్స్ రెండింటికీ ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం దగ్గర దగ్గర 3.1 మీటర్లు. ఆ దూరం మధ్యలో బండి అడుగు నేల నుంచి 22 సెంటీమీటర్లు ఉందనుకుంటే, తగలకుండా దాటగలిగే గట్టు వాలు మొత్తం 16 డిగ్రీలు. ఐదు సెంటీమీటర్లు లేపితే అది 20 డిగ్రీలకు దగ్గరవుతుంది. ఆ నాలుగు డిగ్రీలు కాలువ గట్టు మీద స్పష్టంగా తెలిసొస్తాయి. ముక్కు, తోక తగిలే సమస్యకూ ఇలాగే కొంత ఊరట ఉంటుంది. అంటే గీతలు ఛాసీ మధ్యలో ఉంటే లిఫ్ట్ గురించి ఆలోచించడంలో అర్థముంది. హౌసింగ్ మీద ఉంటే మంచి టైర్లు, హౌసింగ్ కింద మందపు రేకు కవచం చాలా తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేస్తాయి.

తాడిపత్రి, జమ్మలమడుగు, ఆదోని వైపు నల్లరేగడిలో తిరిగేవాళ్లది మరో కథ. వాన పడిన రేగడిలో బండి ఇరుక్కునేది ఎత్తు చాలక కాదు, టైరు పట్టు చాలక. మట్టి టైరు గాళ్లలో నిండిపోయి నున్నగా మారితే ఎంత ఎత్తు బండైనా ఉన్నచోటే చక్రం తిప్పుతుంది. అక్కడ పనికొచ్చేవి లోతైన గాళ్ల టైర్లు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు. చిత్రావతి, పెన్న ఇసుకలో అయితే టైర్లలో గాలి తగ్గించడమే మొదటి ఉపాయం. ఇసుక దాటాక మళ్లీ నింపుకోవడం మరవకూడదు.

కట్ట కూర్చుందా, బండి పొట్టిదా

ఐదారేళ్లు లోడు మోసిన బండిలో చాలాసార్లు అసలు సంగతి వేరేగా ఉంటుంది. బండి పొట్టిది కాదు, కమాన్ కట్టలు కూర్చుండిపోయాయి. కొత్తలో విల్లులా వంగి ఉండే పట్టీలు ఏళ్ల తరబడి బరువుకు చదునైపోతాయి. ఒక్కోసారి నడుమ ఉన్న పట్టీ విరిగి, పైపట్టీల మధ్య దాక్కుని ఉంటుంది. దుమ్ము తుడిచి చూస్తే తప్ప కనబడదు. ఖాళీ బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైన మడ్గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. కుడి ఎడమల మధ్య వేలి మందం తేడా ఉన్నా కట్టలో లోపం ఉన్నట్టే. తర్వాత రోజూ వేసే లోడు వేసి మళ్లీ కొలవాలి. ఈ ఎనిమిది అంకెలు చేతిలో లేకుండా ఎన్ని అంగుళాలు అని మాట్లాడటం గాలిలో మాటే.

కట్ట కూర్చున్నదని తేలితే దాన్ని విప్పి, విరిగిన పట్టీలు మార్చి, లేదా కొత్త కట్ట వేయించి కంపెనీ ఎత్తుకు తేవడమే సరైన వైద్యం. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు, ఏ భాగం కోణమూ మారదు. లిఫ్ట్ కావాలని షెడ్డుకు వచ్చిన బండ్లలో చాలావాటికి ఇది చాలు.

మన దగ్గర దీని బదులు జరిగేది పట్టీ ఎక్కించడం. రెండు పట్టీలు ఎక్కువేస్తే బండి లేస్తుంది, లోడు ఎక్కువ పడుతుంది అన్న నమ్మకం లారీల కాలం నుంచి వస్తున్నదే. ఇందులో సగమే నిజం. బండి లేస్తుంది. లోడు మోసే శక్తి మాత్రం పెరగదు. ఆర్‌సీలో రాసి ఉన్న మొత్తం బరువు కమాన్లను మాత్రమే చూసి లెక్కించింది కాదు. ఇరుసు, చక్రాల బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసీ అన్నీ కలిపి వేసిన లెక్క అది. పట్టీ ఎక్కించాక వెనక భాగం కుంగదు కాబట్టి బండి అధిక బరువుతో ఉందన్న సూచన డ్రైవరు కంటికి కనబడదు. కమాన్లు తీసుకోని దెబ్బను ఛాసీ తీసుకుంటుంది, కమాన్ బ్రాకెట్ల దగ్గర సన్నటి పగుళ్లు మొదలవుతాయి. దానికితోడు ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు గట్టి కమాన్ల వల్ల వెనక చక్రాలు గతుకుల మీద ఎగురుతాయి. నేలను వదిలిన చక్రానికి బ్రేకు ఉండదు.

షాకిల్ పొడుగు చేయడం ఇంకో చవక మార్గం. రెండు అంగుళాలు పొడుగు షాకిల్ వేస్తే బండి లేచేది దాదాపు ఒక అంగుళం, ఎందుకంటే షాకిల్ కట్టకు ఒక కొసనే లేపుతుంది. ఒక కొస లేవడంతో ఇరుసు కాస్త తిరుగుతుంది, ఇంజను శక్తిని వెనక ఇరుసుకు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ హౌసింగ్‌లోకి దూరే కోణం మారుతుంది. కొద్ది రోజులకు ఒక వేగం దగ్గర బండి కింద నుంచి గుర్రుమని వణుకు మొదలైతే కారణం అక్కడే వెతకాలి. క్రాస్ జాయింట్లు, సెంటర్ బేరింగ్ తొందరగా పోతాయి.

ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టే పద్ధతిలో రెండు విషయాలకు రాజీ పడకూడదు. దిమ్మె మీద దిమ్మె పేర్చకూడదు, కట్టను ఇరుసుకు బిగించే పాత యు బోల్టులు మళ్లీ వాడకూడదు. యు బోల్టు ఒకసారి బిగించినప్పుడే సాగుతుంది. దాన్ని విప్పి మళ్లీ బిగిస్తే మొదటి పట్టు రాదు. ముందు ఇరుసు కూడా కమాన్ల మీదే ఉన్న బండ్లలో ముందు వైపు దిమ్మెలు అసలు పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు తోసుకొస్తుంది. ఆ క్షణంలో దిమ్మె జారితే స్టీరింగు చేతిలో ఉండదు.

ముందు వైపు పని తేలిక కాదు

వి-క్రాస్, హైలక్స్ లాంటి బండ్లకు ముందు కమాన్లు ఉండవు. ఒక్కో చక్రం విడివిడిగా, దాన్ని ఛాసీకి కలిపే పై చెయ్యి, కింది చెయ్యి అనే ఇనుప భాగాల మీద ఆడుతూ, మధ్యలో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉంటాయి. స్ప్రింగు పైన చిన్న దిమ్మె పెట్టి లేపడం చవకైన పద్ధతి. దిమ్మె మందం కంటే బండి ఎక్కువ లేస్తుంది, కింది చెయ్యి మీటలా పనిచేస్తుంది కాబట్టి. ఆ మీట అవతలి ఫలితం కూడా ఉంటుంది. చక్రం ఎప్పుడూ కిందికి వేలాడిన స్థితిలోనే ఉండిపోవడంతో, గుంతలోకి దిగడానికి మిగిలిన ఆట తగ్గిపోతుంది. గుంత వచ్చిన ప్రతిసారీ షాక్ అబ్జార్బరు చివరిదాకా సాగి ఠక్కుమని కొట్టుకుంటుంది. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండిలో చక్రాలకు శక్తి తీసుకెళ్లే ముందు షాఫ్టుల వంపు పెరుగుతుంది. వాటి మీది రబ్బరు తొడుగు ఆ వంపుకు రాసుకుని చిరిగితే అనంతపురం దుమ్ము లోపలికి పోతుంది. గ్రీజు, దుమ్ము కలిసి జాయింటును అరగదీస్తాయి. కొన్ని పాత మోడళ్లలో ముందు స్ప్రింగు బదులు మెలిపడే కడ్డీ, అంటే టార్షన్ బార్ ఉంటుంది. బోల్టు తిప్పితే చాలు బండి లేస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ అక్కడా ఇదే ఆట పోతుంది.

ముందు ఎత్తు మారితే అలైన్‌మెంటు మారి తీరుతుంది. షెడ్డుల్లో ఎక్కువగా చూసేది చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నదొక్కటే. లేపిన బండికి అంతకంటే ముఖ్యమైనది కాస్టర్, అంటే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం. తిప్పిన స్టీరింగు తనంతట తాను సరి కావడానికి, జాతీయ రహదారి 44 మీద బండి నేరుగా పోవడానికి కారణం ఆ వాలే. లేపినప్పుడు అది తగ్గుతుంది. రాప్తాడు దాటి ఖాళీ రోడ్డు మీద ఎనభై వేగంలో బండి అటూ ఇటూ తేలుతున్నట్టు ఉంటే టైర్ల మీద నింద వేయకముందు కాస్టర్ కొలిపించాలి. రెండంగుళాలు దాటి లేపితే కంపెనీ ఇచ్చిన సర్దుబాటులో అది సరిపడకపోవచ్చు, అప్పుడు పై చేతులు కూడా మార్చాల్సి వస్తుంది. లిఫ్ట్ కిట్ ధర అడిగేటప్పుడు ఈ పై చేతుల ధర కూడా అడగాలి. దుకాణంలో చెప్పే మొదటి ధరలో అది ఉండదు.

బ్రేకు సంగతి ఎవరూ చెప్పరు

ఇంత చర్చలోనూ అందరూ మరిచిపోయే భాగం ఒకటుంది, ప్రాణాలతో ఎక్కువ సంబంధం ఉన్నది కూడా అదే. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసీకీ మధ్య ఒక సన్నటి కడ్డీ, దాని కొసన ఒక వాల్వు ఉంటాయి. లోడును బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించేది ఆ వాల్వే. పద్ధతి సులువైనది. బండిలో లోడు పడితే ఛాసీ కిందికి దిగి ఇరుసుకు దగ్గరవుతుంది. కడ్డీ కదిలి వాల్వు తెరుచుకుంటుంది, వెనక చక్రాలకు బ్రేకు గట్టిగా పడుతుంది. ఖాళీగా ఉంటే ఛాసీ పైకి ఉంటుంది, వెనక బ్రేకు తగ్గుతుంది. లేకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు లాకైపోయి తోక పక్కకు తిరిగిపోతుంది.

ఇప్పుడు వెనక భాగాన్ని మూడు అంగుళాలు లేపారనుకుందాం. నిండా లోడు వేసినా ఛాసీ ఎత్తుగానే ఉంటుంది. వాల్వుకు కళ్లు లేవు, దానికి తెలిసింది దూరమొక్కటే. బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించేస్తుంది. టన్ను బరువుతో దిగుతున్న బండిని దాదాపు ముందు బ్రేకులే ఆపాల్సి వస్తుంది. చదును రోడ్డు మీద ఇది తెలియదు, ఆగే దూరం కాస్త పెరిగినట్టు ఉంటుంది అంతే. కడప, రాయచోటి మధ్య దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. వరుస మలుపుల్లో మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉంటే ముందు బ్రేకులు కాగిపోయి పట్టు వదులుతాయి. లేపిన ఎత్తుకు తగ్గట్టు ఆ కడ్డీ బ్రాకెట్టును కూడా పైకి జరిపి సరిచేస్తే ఈ ప్రమాదం పోతుంది. చిన్న పని, కానీ చెప్పకపోతే ఎవరూ చేయరు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్రేకు పంచే కొత్త బండ్లలో ఈ కడ్డీ ఉండకపోవచ్చు. మన బండిలో ఉందో లేదో ఆ గుంతలోకి దిగినప్పుడే చూసుకోవాలి. చక్రాల దగ్గరి రబ్బరు బ్రేకు గొట్టాలు కూడా లేపినంత మేర బిగుసుకుంటాయి. జాకీ మీద బండిని లేపి, చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు, ముందు స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పినప్పుడు గొట్టం లాగుతోందేమో పట్టి చూడాలి.

బోల్తా లెక్క

ఎత్తు పెరిగితే బండి బోల్తా పడుతుందని అందరికీ తెలుసు. ఎంత పెరిగితే ఎంత అన్నదే తెలియదు, అందుకే కొందరు అనవసరంగా భయపడతారు, ఇంకొందరు అసలే పట్టించుకోరు. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బండి బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె బండి నిలకడకు కొలత. అంకె తగ్గేకొద్దీ బోల్తా దగ్గరవుతుంది. చక్రాల మధ్య వెడల్పు మీటరున్నర, ఖాళీ బండి బరువు కేంద్రం నేల నుంచి 70 సెంటీమీటర్లు అనుకుంటే అంకె 1.07. మూడు అంగుళాలు లేపితే కేంద్రం 6 సెంటీమీటర్ల దాకా లేస్తుంది, చక్రాలు, ఇరుసులు లేవవు కాబట్టి. అంకె 0.99 అవుతుంది. అదే బండిలో టమోటా బాక్సులు క్యాబిన్ ఎత్తు దాటి పేర్చితే, లేపకపోయినా కేంద్రం 1.05 మీటర్లకు పోవచ్చు. అప్పుడు అంకె 0.71. లేపిన బండిలో అదే లోడుకు 0.68.

ఇక్కడ చూడాల్సింది రెండున్నాయి. బండి నిలకడను ఎక్కువగా తినేది లిఫ్ట్ కాదు, ఎత్తుగా పేర్చిన లోడు. రెండోది, తారురోడ్డు మీద మామూలు టైరు పట్టు ఇదే కొలతలో సుమారు 0.8. ఖాళీ బండి అంకె దానికంటే ఎక్కువ కాబట్టి మలుపులో వేగం మించితే ముందు జారుతుంది, డ్రైవరుకు హెచ్చరిక అందుతుంది. లోడు బండి అంకె దానికంటే తక్కువ కాబట్టి జారకముందే ఒరిగిపోతుంది, హెచ్చరిక ఉండదు. యాభై మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో లోడు బండి ఒరిగే వేగం కాగితం మీద గంటకు సుమారు 67.4 కిలోమీటర్లు, లేపాక 65.5. రెండు కిలోమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో బండి కమాన్ల మీద పక్కకు వాలడం, టైర్లు నొక్కుకోవడం, బాక్సులు జరగడం, మలుపులో గుంత రావడం లేవు. అసలు రోడ్డు మీద ఒరగడం అంతకంటే చాలా తక్కువ వేగంలోనే మొదలవుతుంది. ఎత్తు లోడు మోసే బండికి మిగిలిన కాస్త నిలకడలో ఏ భాగమూ వదులుకునే స్థితి లేదు. ఈ జిల్లాలో పికప్ తొట్టిలో కూలీలను నిలబెట్టి తీసుకెళ్లడం ఇప్పటికీ జరుగుతోంది. చట్టం ఒప్పదు, ప్రాణాలకూ మంచిది కాదు. నిలబడ్డ మనుషుల బరువు తొట్టిలో అన్నిటికంటే ఎత్తున ఉండే బరువు. అలాంటి బండిని లేపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని.

ఎత్తుతో వచ్చే ఇంకో కష్టం లెక్కలోకి రాదు, మోసేవాళ్ల నడుముల్లోకి వస్తుంది. తొట్టి అంచు మూడు అంగుళాలు పైకి పోతే ప్రతి బాక్సునూ, ప్రతి బస్తానూ మూడంగుళాలు ఎక్కువ లేపాలి. తోటలో బాక్సులు అందించేది ఎక్కువగా ఆడవాళ్లు. బండి లేపే ముందు లోడు ఎత్తేవాళ్లను ఒక మాట అడగడం న్యాయం.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పట్టీలు ఎక్కించి అధిక లోడు వేస్తే అది వేరే నేరం. 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000.

పసుపు నంబరు బోర్డున్న కిరాయి బండికి ఇంకో మెట్టు ఉంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తీసుకోవాలి. దిమ్మెలు, పొడుగు షాకిళ్లు అక్కడ కనబడితే తీసేసి రమ్మని వెనక్కి పంపవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు మొదట చూసే వాటిలో మార్పులు కూడా ఒకటి. చెప్పకుండా చేసిన మార్పే ప్రమాదానికి కారణమని తేలితే సొంత బండి నష్టానికి పరిహారం చేతికి రాకపోవచ్చు. వారంటీ ఉన్న బండిలో షాఫ్టులు, జాయింట్లు పోతే కంపెనీ కూడా అదే మాట అంటుంది. పనికి ముందే కొనుగోలు చేసిన డీలరును, బీమా కంపెనీని, ఆర్టీవో కార్యాలయాన్ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాటకు తర్వాత విలువ ఉండదు.

అయినా లేపాలనుకుంటే

ఇవన్నీ చూశాక కూడా లిఫ్ట్ నిజంగా అవసరమైన బండ్లు కొన్ని మిగులుతాయి. లోడు తక్కువ, గట్లు ఎక్కువ ఉన్నవి, నాలుగు చక్రాల డ్రైవు ఉన్నవి. వాటికి ఒకటిన్నర, మహా అయితే రెండు అంగుళాలు హద్దుగా పెట్టుకోవడం మంచిది. ఆ హద్దు దాటితే పై చేతులు, ముందు షాఫ్టులు, బ్రేకు గొట్టాలు అన్నీ వరుసగా మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది. ఆపడం మన చేతిలో ఉండదు. దిమ్మెల కంటే ఆ బండికే తయారైన స్ప్రింగులు, షాక్‌లు, కమాన్లు కలిసిన సెట్టు మేలు. ఖరీదు ఎక్కువే. కానీ షాక్ పొడవు స్ప్రింగుకు సరిపోవడమన్నది మామూలు లేతు షాపులో తేలే విషయం కాదు.

టైర్ల పరిమాణం మొదటే నిర్ణయించుకోవాలి. పైన చెప్పిన టైరు మార్పుతో బండి నిజంగా వంద వేగంలో పోతుంటే మీటరు 96 చూపిస్తుంది. ఇంజను మీద భారం పెరిగి, గువ్వలచెరువు లాంటి ఎక్కుడులో ఒక గేరు తగ్గించాల్సి వస్తుంది, డీజిలు ఖర్చు పెరుగుతుంది. తొట్టి కింద స్టెప్నీ పట్టే చోటులో పెద్ద టైరు పడుతుందో లేదో కొలుచుకోవాలి. పట్టకపోతే ఎడారి లాంటి దోవలో పంక్చరైన రోజు తిప్పలే.

పని అయ్యాక ఐదు వందల కిలోమీటర్లు తిరిగేలోపు యు బోల్టులు, షాకిల్ పిన్నులు, ముందు చేతుల బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. అంచనాగా చేత్తో బిగిస్తే సరిపోదు. అలైన్‌మెంటు పని అయిన వెంటనే చేయించినా, ఇలా బిగించాక మళ్లీ చూపించుకోవాలి, బోల్టులు సర్దుకున్నాక అది మారవచ్చు. హెడ్‌లైట్లు మాత్రం అదే రోజు సరిచేయాలి. ముందు భాగమొక్కదాన్నే లేపి వెనకతో సమానం చేసిన బండ్లలో ఇది మరీ అవసరం. కంపెనీ వెనక భాగాన్ని ఎత్తుగా ఉంచేది లోడు పడ్డాక సమానంగా రావడానికే. సమానం చేసిన బండికి లోడు పడితే తోక కుంగి ముక్కు పైకి లేస్తుంది, వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదురుగా వచ్చే మోటారు సైకిలువాడి కళ్లలో పడుతుంది. అందుకే ఖాళీ బండితో కాకుండా రోజూ వేసే లోడుతోనే, గోడకు ఎదురుగా పది మీటర్ల దూరంలో బండి నిలిపి, వెలుగు పై అంచు హెడ్‌లైటు ఎత్తు కంటే ఒక జానెడు కిందికి ఉండేలా లైట్ల స్క్రూలు తిప్పించుకోవాలి.